గుంజిళ్ళు - పరుగు

పరుగెత్తువాడు ప్రతి అడుగునను ఒంటికాలిపై వ్రాలును. ఆ కాలు శరీరపు బరువునకు రెండు మూడు రెట్ల తాకిడిని భరింపవలెను. తుంటి కండరములు బలహీనమైనచో మోకాలు లోనికి ఒరగును. చీలమండ బిగిసియున్నచో భారము పిక్కపై పడును. నొప్పి మోకాట కనిపించినను మూలము పలుమారు వేరొకచోట ఉండును.

బలము లేనిదే వేగము లేదని నమ్మిన ఆస్ట్రేలియా శిక్షకుడు పెర్సీ సెరుట్టీ, పోర్ట్‌సీ తీరమున శిష్యులను ఇసుకతిన్నె లెక్కించెను, బరువు లెత్తించెను. ఆయన శిష్యుడు హెర్బ్ ఎలియట్ 1960 రోమ్ ఒలింపిక్ క్రీడలలో 1500 మీటర్లను 3 నిమిషముల 35.6 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పెను.

మన బడులకు ఇసుకతిన్నెలు లేకున్నను కొరత లేదు. గుంజిళ్ళు తీయుట, మునివ్రేళ్ళపై లేచి మెల్లగా దిగుట, ఒంటికాలిపై నిలుచుట, మడమ ఎత్తక మోకాలిని ముందునకు వంచుట - ఇవి వారమునకు రెండు దినములు చేసిన చాలును. చిక్కెల్ల ఒక్కటే: గుంజిళ్ళు మన తరగతి గదిలో తరతరములుగా శిక్షయైనవి. అవమానముతో నేర్చిన వ్యాయామమును ఏ బాలుడు ప్రేమించును? 2009 విద్యాహక్కు చట్టము దండనను నిషేధించినది గాని వ్యాయామమును కాదు. ఉపాధ్యాయుడు చెవులు వదలుమని చెప్పి, ఆ గుంజిళ్ళనే మైదానమునకు తెచ్చినచో ఎన్నో మోకాళ్ళు చెడకుండును.