ఉత్సాహం ఎవరి పూచీ?



హోసూరు, కృష్ణగిరి చుట్టుపక్కల బడుల్లో ఆటల పోటీలు వచ్చాయంటే ఒక మాట తప్పకుండా వినబడుతుంది. జట్టు గెలిస్తే "మా పిల్లలు గెలిచారు" అంటారు. ఓడితే "డ్రిల్లు మాస్టారు పిల్లలకు ఊపు తేలేదు" అంటారు. పెద్ద ఆటలో ఉత్సాహం కలిగించే పూచీ ఇంతకూ ఎవరిది? గురువుదా, ఆడేవాడిదా? ఈ సంగతి కాసేపు ఆలోచిద్దాం.

కందకు లేని దురద కత్తిపీటకెందుకని మన సామెత. ఆడేవాడికే పట్టనప్పుడు గురువు గొంతు చించుకుని ఏం లాభం అని కొందరు తేల్చేస్తారు. అయితే అది అంత తేలిగ్గా తేలే విషయం కాదు.

పి.వి. సింధు సంగతే చూడండి. మొదట్లో ఆమె కోర్టులో గొంతెత్తని పిల్ల. గురువు పుల్లెల గోపీచంద్ హైదరాబాదు అకాడమీలో ఆమెను అందరి మధ్యా నిలబెట్టి, గట్టిగా అరిస్తేగాని రాకెట్ పట్టుకోవద్దన్నారు. 2016 రియో ఒలింపిక్స్ ముందు సుమారు మూడు నెలలు ఆమె ఫోను కూడా తన దగ్గరే ఉంచుకున్నారు. ఇదంతా గురువు చేసిన పని. ఆగస్టు 19న ఫైనల్లో స్పెయిన్ క్రీడాకారిణి కరోలినా మారిన్ మీద మొదటి గేములో సింధు 16-19తో వెనకబడింది. అక్కణ్ణుంచి వరసగా 5 పాయింట్లు తెచ్చుకుని 21-19తో గెలిచింది. ఆ 5 పాయింట్లూ ఎవరు కొట్టారు? కుర్చీలో కూర్చున్న గురువు కాదు గదా! తర్వాతి రెండు గేములూ 12-21, 15-21తో పోయాయి. కుర్చీలో గురువు అదే గురువు. మాట సాయం ఒక్కటే గెలిపించేదైతే ఆ రెండూ పోకూడదు. అయినా ఆ వెండి పతకం ఇద్దరి కష్టమూ కలిసి వచ్చిందే.

గురువు నోరు విప్పడానికే వీల్లేని ఆటలూ ఉన్నాయి. చెన్నైలోని తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్ 2024 డిసెంబరులో సింగపూరులో డింగ్ లిరెన్‌ను ఓడించి, 18 ఏళ్ళకే చదరంగంలో ప్రపంచ విజేత అయ్యాడు. మొదటి ఆటే ఓడాడు. చివర్లో 12వ ఆట మళ్ళీ పోయింది. 14వ ఆట గెలిచి కిరీటం అందుకున్నాడు. మనసును గట్టిపరచుకోవడానికి ప్యాడీ అప్టన్ సాయం తీసుకున్నాడు, నిజమే. కాని బల్ల ముందు కూర్చున్నాక ఆ గంటలన్నీ ఒంటరివే. గురువు చెప్పింది ముందే లోపల నాటుకుని ఉండాలన్నమాట.

మరి ఓటమి ఎవరి ఖాతా? 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి మొత్తం 240 కిలోలు ఎత్తింది. చివరి ప్రయత్నంలో బంగారం కోసం 137.5 కిలోలకు వెళ్ళింది, అది లేవలేదు. కంచు పతకం వచ్చింది, భారత మహిళకు అదే తొలి ఒలింపిక్ పతకం. ఆ ఆటలో ఎంత బరువు అడగాలన్న లెక్క శిక్షకులు చూస్తారు, ఎత్తేది మాత్రం క్రీడాకారిణి. లెక్క మంచిచెడ్డలు ఆమె భుజాల మీద వేయడం న్యాయం కాదు.

నా తప్పు ఒకటి చెప్పనివ్వండి. చెడుగుడును మన తమిళ సోదరులు సడుగుడు అంటారు. ఏ పేరుతో పిలిచినా ఊపిరి బిగపట్టి ఆడే ఆటే. కొన్నేళ్ళ కిందట మా బడి జట్టును పోటీకి తీసుకువెళ్ళాను. చివరి ఆట విరామంలో కూతకు వెళ్ళే కుర్రాణ్ణి పట్టుకుని "బడి పరువు నీ చేతిలో ఉందిరా" అన్నాను. ఉత్సాహం ఇస్తున్నాననే అనుకున్నాను. వాడు గీత దాటి నాలుగడుగులు వేయలేకపోయాడు. తిరుగు బస్సులో నా పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు: "పరువు సంగతి కాదు సార్, ఎవర్ని తాకాలో చెప్పుంటే పోయుండేవాణ్ణి."

ఆ మాటతో నాకు సంగతి బోధపడింది. గెలవాలన్న కోరిక ఆడేవాడిదే, దాన్ని బయటినుంచి పోయలేం. సాధన చేయించడం, బెరుకు పోగొట్టడం, ఆటనాడు చేయవలసిన పని ఒక్కటి స్పష్టంగా చెప్పడం గురువు పూచీ. పరువు, బెదిరింపు, ఇంటి ఆశలు ఆ వేళ నెత్తిన పెట్టకపోవడం గురువుకూ తల్లిదండ్రులకూ కలిసిన పూచీ.

కాబట్టి ఈసారి మీ పిల్లవాడు ఓడి ఇంటికొస్తే, తప్పెవరిదని అడగకండి. ముందు అన్నం పెట్టండి. మర్నాడు మాస్టారుతో కలిసి, రేపటి సాధన ఎలాగో మాట్లాడండి.

సెలవు.