మంచు కొండ ఎక్కే లారీకి ఏమేం చూడాలి?

హైదరాబాద్‌లో నవంబరు మధ్యాహ్నం. ఎండ ఇంచుమించు 30 డిగ్రీలు. ఇక్కడ లోడైన లారీ 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని శ్రీనగర్ చేరి, అక్కడి నుంచి జోజిలా కనుమ దాటి కార్గిల్ మీదుగా లేహ్ వెళ్లాలి. జోజిలా ఎత్తు సుమారు 3,500 మీటర్లు. అది దాటాక వచ్చే ద్రాస్‌లో నడి చలికాలం రాత్రులు మైనస్ 20కి పడిపోవడం మామూలే. మీరు ట్రాన్స్‌పోర్ట్ సంస్థలో ఫ్లీట్ ట్రెయినీగా చేరారనీ, బండి కదిలే ముందు చెక్‌లిస్టు మీద సంతకం మీదేననీ అనుకోండి. ఏం చూస్తారు?

చాలామంది ఇంజిన్ ఆయిల్, బ్యాటరీ అని ఆపేస్తారు. అవి కావాల్సిందే. కానీ ఘాట్‌రోడ్డు మీద బండిని ముందుగా ఆపేసేది డీజిల్. అందులో సహజంగానే మైనం ఉంటుంది. చలికి అది స్ఫటికాలుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత క్లౌడ్ పాయింట్, ఇంధనం పారడమే మానేసే స్థాయి పోర్ పాయింట్. ట్యాంకులో డీజిల్ ఇంకా కదులుతున్నా సరే, ఫిల్టర్‌లో మైనం పేరుకుంటే ఇంజిన్ ఆగిపోతుంది. మన బంకుల్లో దొరికేది మైదాన ప్రాంతాలకు తగిన సరుకు. లద్దాఖ్ లాంటి చోట్ల కోసం ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో వింటర్ గ్రేడ్ డీజిల్ తెచ్చింది. మైనస్ 33 డిగ్రీల దాకా అది గడ్డకట్టదు. కాబట్టి కొండెక్కేసరికి ఇక్కడ పోయించిన డీజిల్ అడుగుకు వచ్చేలా లెక్కవేసి, వింటర్ గ్రేడ్ ఎక్కడ దొరుకుతుందో ముందే కనుక్కుని అక్కడ ట్యాంకు నింపించాలి. ఇది డ్రైవర్ కన్నా ఫ్యూయల్ కార్డు చూసే ఆఫీసు ఉద్యోగి చేయాల్సిన పని.

కిరోసిన్ కలిపితే సరి అని చెప్పే పెద్దలు ఇంకా ఉన్నారు. పాత ఇంజిన్లు తట్టుకున్నాయేమో గానీ, బీఎస్-6 బండిలో ఆ పని చేస్తే కందెన గుణం తగ్గి పంపు, ఇంజెక్టర్లు అరిగిపోతాయి. ట్యాంకు కింద మంట పెట్టడం గురించి వేరే చెప్పాలా?

బీఎస్-6 తెచ్చిన మరో సంగతి యాడ్‌బ్లూ. 32.5 శాతం యూరియా, మిగతాది నీళ్లు. మైనస్ 11 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, గడ్డకడుతూ ఉబ్బుతుంది. అందుకే ట్యాంకును అంచుదాకా నింపకూడదు. రేడియేటర్‌దీ ఇదే కథ. కూలెంట్ తగ్గిందని దారిలో నీళ్లు పోయడం మనవాళ్లకు అలవాటు. ఆ నీళ్లు రాత్రికి మంచయితే ఇంజిన్ బ్లాకే పగులుతుంది. కూలెంట్‌లో ఇథిలీన్ గ్లైకాల్, నీళ్లు సగం సగం ఉంటే మైనస్ 35 దాకా భయం లేదు.

టైర్ల దగ్గర ఇంటర్ ఫిజిక్స్ పనికొస్తుంది. 30 డిగ్రీల వద్ద 110 పీఎస్ఐ గాలి పట్టించారు. సున్నా డిగ్రీల దగ్గర ఎంత ఉంటుంది? గేజ్ చూపించేదానికి వాతావరణ పీడనం 14.7 కలిపి, ఉష్ణోగ్రతను కెల్విన్‌లోకి మార్చి లెక్కవేస్తే దాదాపు 98 వస్తుంది. ఎక్కడా పంక్చర్ లేకుండానే 12 పీఎస్ఐ తగ్గింది! ఎత్తుకు వెళ్లేకొద్దీ బయటి పీడనం తగ్గడం వల్ల గేజ్ కొంచెం ఎక్కువ చూపిస్తుంది, అది వేరే లెక్క. ఇంటర్వ్యూలో ఈ ఒక్క లెక్క చేసి చూపించినా మీరు సిలబస్ బట్టీ పట్టలేదని తెలిసిపోతుంది.

సున్నా డిగ్రీల దగ్గరే లెడ్ యాసిడ్ బ్యాటరీ స్టార్టింగ్ శక్తి మూడో వంతు దాకా పడిపోతుంది. పాత బ్యాటరీతో పంపొద్దు. ఎయిర్ బ్రేకుల గాలి ట్యాంకుల్లో చేరే నీటిని రోజూ వదిలేయాలి. లేకపోతే వాల్వుల్లో మంచు కట్టి బ్రేకులు పట్టకపోవచ్చు, లేదా పట్టినవి వదలకపోవచ్చు. ఎయిర్ డ్రయర్ కార్ట్రిడ్జ్ బయల్దేరకముందే మార్చేయడం మేలు.

ఇక డ్రైవరన్న. చెక్‌లిస్టుల్లో ఆయనకు ఒక్క గడి కూడా ఉండదు, అదే నాకు నచ్చని సంగతి. క్యాబిన్‌లో బొగ్గుల కుంపటి పెట్టుకుని అద్దాలు ఎక్కించి పడుకుంటే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. దానికి రంగూ వాసనా ఉండవు, మెలకువే రాదు. సైలెన్సర్ చుట్టూ మంచు పేరుకున్నప్పుడు ఇంజిన్ నడుస్తుండగా నిద్రపోయినా అదే ప్రమాదం. మందపాటి కోటు ఒకటి ఇచ్చేసి చేతులు దులుపుకోకూడదు. పొరలుపొరలుగా ఉన్ని బట్టలు, పొడి సాక్సులు రెండు మూడు జతలు, చేతి తొడుగులు, స్నో చైన్లు, పార, టార్చి, రెండు రోజుల తిండి బండిలో ఉండాలి. చైన్లు బిగించడం హైదరాబాద్ యార్డులోనే ఒకసారి చేయించి చూడాలి. చీకట్లో, వేళ్లు కొంకర్లు పోతుంటే నేర్చుకునే పని కాదది. లేహ్ కూడా 3,500 మీటర్ల ఎత్తే. తలనొప్పి, వాంతులు మొదలైతే ఇంకా ఎత్తుకు పోకుండా ఆగాలి, తగ్గకపోతే కిందికి దిగాలి. అలా ఆగినందుకు ట్రిప్పు డబ్బులు కోయబోమని ముందే చెప్పి పంపాలి. కోత భయంతోనే చాలామంది ఆగరు.

ఉద్యోగాల మాటకొస్తే, ఈ విషయాలు పట్టుబడినవాళ్లకు ఫ్లీట్ మెయింటెనెన్స్, వాహన తయారీ సంస్థల సర్వీస్ విభాగాలు, టెలిమాటిక్స్ కంపెనీల్లో చోటుంటుంది. కొండ రోడ్లు చూసే బోర్డర్ రోడ్స్ ఆర్గనైజేషన్ నోటిఫికేషన్లలో డ్రైవర్, వెహికల్ మెకానిక్ పోస్టులు వస్తుంటాయి. జోజిలా కింద 13 కిలోమీటర్లకు పైగా సాగే సొరంగాన్ని తవ్వుతున్నది హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజినీరింగ్ సంస్థే. స్టీరింగ్ పట్టాలనుకునేవారు ముందు లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు తీసుకోవాలి. అది చేతికొచ్చి ఏడాది నిండాకే రవాణా వాహనం లెర్నర్స్‌కు దరఖాస్తు చేయొచ్చు, వయసు 20 దాటి ఉండాలి.