పోయిన సొత్తు చేతికి రావాలంటే... గుర్తు, రాత, రసీదు

మోటారు, గొడ్డు, పాసుపుస్తకం, సెల్‌ఫోను: ఏది పోతే ఎక్కడ చెప్పాలి? దొరికాక ఎలా తెచ్చుకోవాలి?

నందిగామ, జగ్గయ్యపేట మెట్ట పొలాల్లో బోరు మోటారు పోయిందంటే పోయింది ఒక్క మోటారే కాదు. మిరప పూత మీద ఉన్నప్పుడు తడి అందకపోతే కాపు దెబ్బ తింటుంది. రెండెకరాల రైతు కొత్త మోటారు కొనాలంటే మళ్లీ అప్పుకు పోవాల్సిందే. అయినా సొత్తు పోయినవాళ్లలో చాలామంది "దొరికేదా, పెట్టేదా, స్టేషన్ చుట్టూ తిరగడం దండగ" అని ఊరుకుంటారు. అలా ఊరుకుంటే రేపు దొంగ పట్టుబడి మోటార్లు దొరికినా అందులో మనది ఏదో చెప్పే ఆధారం ఉండదు.

పోయిన సొత్తు తిరిగి రావాలంటే మూడు ఉండాలి. వస్తువు మీద గుర్తు, ఫిర్యాదు రాతలో, రసీదు చేతిలో. ఇందులో మొదటిది పోకముందే చెయ్యాల్సిన పని.

గుర్తు ముందే పెట్టుకోవాలి

మోటారు కొన్నప్పుడు బిల్లు తప్పకుండా తీసుకోవాలి. మోటారుకు ఉండే రేకు మీద కంపెనీ పేరు, హార్స్ పవర్, సీరియల్ నంబరు ఉంటాయి. వాటిని ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి. దొంగలు ముందు పీకేసేది ఆ రేకునే. అందుకని మోటారు బాడీ మీద మీ ఇంటిపేరు మొదటి అక్షరాలు, ఊరి పేరు పంచితో కొట్టించండి. స్టార్టర్ పెట్టె లోపల, ఆయిల్ ఇంజను మీద, తైవాన్ స్ప్రేయరు ట్యాంకు అడుగున కూడా అలాగే గుర్తు పెట్టాలి. టార్పాలిన్ పట్టాల మూలన చెరగని రంగుతో పేరు రాస్తే చాలు. అన్నింటికీ సెల్‌ఫోనులో ఫొటోలు తీసి ఇంట్లో ఇంకొకరి ఫోనుకు కూడా పంపి ఉంచండి. ఫోనే పోతే అందులో ఫొటోలు కూడా పోతాయి గదా!

పోయిన రోజే రాతలో ఇవ్వాలి

నోటి మాటగా చెప్పి వస్తే అది చెప్పినట్టు కాదు. ఫిర్యాదు తెల్ల కాగితం మీద రాసి ఇవ్వాలి. రాయడం రాకపోతే నోటితో చెప్పినదాన్ని స్టేషన్లోనే రాసి, చదివి వినిపించి సంతకం గానీ వేలిముద్ర గానీ తీసుకోవాలని చట్టమే చెబుతోంది. 2024 జూలై 1 నుంచి దేశమంతా కొత్త చట్టాలు అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం దొంగతనం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా దగ్గర్లోని స్టేషన్లో ఫిర్యాదు ఇవ్వొచ్చు. వాళ్లు 'జీరో ఎఫ్.ఐ.ఆర్.' కట్టి, అసలు స్టేషన్‌కు పంపుతారు.

ఈ సంగతి మన ప్రాంతానికి మరీ ముఖ్యం. 2014 జూన్ 2 నుంచి కోదాడ, మధిర వేరే రాష్ట్రంలో ఉన్నాయి. గరికపాడు దాటితే తెలంగాణే. ఇక్కడ పోయిన సరుకు రాత్రికి రాత్రే సరిహద్దు దాటొచ్చు. 'మా పరిధి కాదు' అని తిప్పి పంపడానికి వీల్లేదు.

ఫిర్యాదులో ఇవి ఉండాలి: మీ పేరు, తండ్రి పేరు, ఊరు, పొలం సర్వే నంబరు, వస్తువు ఆఖరుసారి చూసిన రోజు, వేళ, పోయినట్టు తెలిసిన రోజు, వేళ, కంపెనీ, నంబరు, మీరు పెట్టుకున్న గుర్తు, సుమారు విలువ, చూసినవాళ్లు ఉంటే వాళ్ల పేర్లు. ఎవరి మీదనైనా అనుమానం ఉంటే దానికి కారణం కూడా రాయాలి. పాత కక్ష పెట్టుకుని ఊరికే ఒకరి పేరు రాయొద్దు. తర్వాత అది మీ మెడకే చుట్టుకుంటుంది.

ఎఫ్.ఐ.ఆర్. కట్టాక దాని నకలు ఫిర్యాదు చేసినవారికి ఉచితంగా ఇవ్వాలి. ఒక్క పైసా కట్టక్కర్లేదు. ఆ నకలే మీ రసీదు. స్టేషన్లో తీసుకోకపోతే ఫిర్యాదును జిల్లా పోలీసు అధికారికి పోస్టులో పంపొచ్చు. 2022 ఏప్రిల్ 4న ఎన్టీఆర్ జిల్లా ఏర్పడ్డాక మన రెండు ఊళ్లూ విజయవాడ పోలీసు కమిషనర్ కిందికి వచ్చాయి. కాబట్టి ఆయన పేరనే పంపాలి. పోస్టు రసీదు దాచుకోవాలి.

ట్రాన్స్‌ఫార్మరు పగలగొట్టి రాగి తీగ, ఆయిలు ఎత్తుకుపోతే అది కరెంటు సంస్థ సొత్తు. పోలీసులకు చెప్పడంతో పాటు సెక్షన్ ఆఫీసులో ఏ.ఈ. గారికి కూడా రాతలో ఇవ్వాలి. 1912 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నంబరు రాసుకోవాలి. విరిగిన తీగల జోలికి మాత్రం ఎవరూ పోవద్దు.

దొరికింది, కానీ స్టేషన్లోనే ఉంది!

మోటారు దొరికిందని కబురు రాగానే ట్రాక్టరు కట్టుకుని పోతే చేతికి ఇవ్వరు. కేసులో పట్టుకున్న వస్తువును కోర్టుకు చూపించాలి. అది నాదేనని, విచారణ సాగేలోపు నాకు అప్పగించమని మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు పెట్టుకోవాలి. నందిగామలోనూ, జగ్గయ్యపేటలోనూ కోర్టులు ఉన్నాయి. బిల్లు, ఫొటో, గుర్తు, ఎఫ్.ఐ.ఆర్. నకలు అక్కరకొచ్చేది ఇక్కడే. అడిగినప్పుడు తెచ్చి చూపిస్తానని పూచీకత్తు రాసివ్వాలి.

వస్తువులు స్టేషన్లలో ఏళ్ల తరబడి తుప్పు పట్టకూడదని సుప్రీంకోర్టు 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయి కేసులో చెప్పింది. కొత్త చట్టంలో గడువు కూడా పెట్టారు. వస్తువు కోర్టు ముందుకు వచ్చిన 14 రోజుల్లో దాని వివరాల పట్టీ రాయాలి, ఫొటోలు, వీడియో తీయించాలి. ఆ తర్వాత 30 రోజుల్లో దాన్ని ఏం చెయ్యాలో ఉత్తర్వు ఇవ్వాలి. వకీలును పెట్టుకునే స్తోమత లేనివారు కోర్టు ఆవరణలోని మండల న్యాయసేవల కమిటీని అడగొచ్చు.

గొడ్డు తప్పిపోతే

ముందు గొడ్లు కాసేవాళ్లను, చుట్టుపక్కల ఊళ్లను విచారించాలి. ఎదురుగా కనపడినవాళ్లందరికీ చెప్పాలి. వెనక దండోరా వేయించేవారు, ఇప్పుడు గుడి మైకులో చెప్పించినా, ఊరి వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టినా అదే పని జరుగుతుంది. ఒకరి చేలో పడిన గొడ్డును బందెలదొడ్డికి తోలి ఉంటే అక్కడ ఆరా తీయాలి.

బందెలదొడ్డికి 1871 నాటి చట్టం ఉంది. జరిమానా, మేత ఖర్చు కట్టి గొడ్డును విడిపించుకోవాలి. ఏడు రోజుల్లో ఎవరూ రాకపోతే దొడ్డి కాపలాదారు పోలీసులకు తెలపాలి. వాళ్లు నోటీసు అంటించి, ఊళ్లోనూ దగ్గర్లోని సంతలోనూ చాటింపు వేయించాలి. ఆ నోటీసు నుంచి ఇంకో ఏడు రోజులు దాటితే వేలం వేస్తారు. అంటే రెండు వారాలు ఏమరుపాటుగా ఉంటే పాడి గేదె పరాయి చేతికి పోతుంది. అన్యాయంగా తోలారనుకుంటే 10 రోజుల్లోపు మేజిస్ట్రేటుకు ఫిర్యాదు చేసుకోవచ్చు.

చెవికి వేసే పసుపు పోగు మీద 12 అంకెల నంబరు ఉంటుంది. అది మీ నోటు పుస్తకంలో ఉండాలి. పోగు కత్తిరించినా గుర్తుపట్టేందుకు కొమ్ముల తీరు, సుడులు, మచ్చలు కనిపించేలా రెండు వైపుల నుంచీ ఫొటో తీసి పెట్టుకోవాలి.

మునేరు పొంగినప్పుడు సంగతి వేరు. 2023 జూలైలో ఐతవరం దగ్గర నీళ్లు జాతీయ రహదారి మీదికే వచ్చి రాకపోకలు ఆగిపోయాయి. 2024 సెప్టెంబరు మొదట్లోనూ వరద ముంచెత్తింది. వరదలో కొట్టుకుపోయిన గొడ్డుకు, మోటారుకు దొంగతనం కేసు కాదు, నష్టం లెక్కల్లో పేరు ఎక్కాలి. ఊళ్లో లెక్క రాసేవాళ్లు వచ్చేదాకా ఆగకుండా వీఆర్వోకు, పశువుల డాక్టరుకు రాసిచ్చి నకలు మీద సంతకం పెట్టించుకోండి. చనిపోయిన పశువు ఫొటో తియ్యకుండా పూడ్చొద్దు.

పాసుపుస్తకం పోతే పొలం పోదు

పాసుపుస్తకం కనిపించకపోతే ముందు సొసైటీలో, బ్యాంకులో ఉందేమో చూడండి. పంట రుణానికి ఇచ్చి మరిచిపోయే పెద్దవాళ్లు ఎక్కువే. నిజంగా పోతే స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చి, ఆ నకలు జత చేసి సచివాలయంలో గానీ మీసేవలో గానీ నకలు పుస్తకానికి దరఖాస్తు పెట్టాలి. తహసీల్దారు విచారణ జరుపుతారు. మీ భూమి వివరాలు రెవెన్యూ రికార్డులోని 1-బి, అడంగల్‌లో ఉంటాయి కాబట్టి కంగారు అక్కర్లేదు.

రిజిస్టరు దస్తావేజు పోతే దస్తావేజు నంబరు, సంవత్సరం చెప్పి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ధ్రువీకరించిన నకలు తీసుకోవచ్చు. దాంతో పాటు ఈ.సీ. కూడా తీయండి. పోయిన దస్తావేజు మీద ఇంకొకరు అప్పు తెచ్చే ప్రమాదం ఉంది. ఏదైనా రాత రిజిస్టరు అయి ఉంటే ఈ.సీ.లో బయటపడుతుంది. కౌలు రైతులు సాగు హక్కు కార్డు నకలు దగ్గర పెట్టుకోవాలి. ఆ కార్డు గడువు 11 నెలలే.

సెల్‌ఫోను, ఏటీఎం కార్డు పోతే గంటల్లో కదలాలి

కార్డు పోయిన వెంటనే బ్యాంకుకు ఫోను చేసి నిలుపుదల చేయించాలి. మన అజాగ్రత్త వల్ల చెప్పకముందు పోయిన డబ్బు మన నష్టం, చెప్పాక పోయింది బ్యాంకు నష్టం అని రిజర్వు బ్యాంకు 2017లో నియమం పెట్టింది. అందుకే చెప్పిన వేళ, ఫిర్యాదు నంబరు రాసుకోవాలి. డబ్బు మోసపోతే 1930కి ఫోను చెయ్యాలి.

ప్రతి ఫోనుకూ 15 అంకెల ఐ.ఎం.ఈ.ఐ. నంబరు ఉంటుంది. స్టార్, హాష్, సున్నా, ఆరు, హాష్ నొక్కితే కనిపిస్తుంది. ఇవాళే రాసుకోండి. ఫోను పోతే ముందు ఫిర్యాదు ఇచ్చి, అదే నంబరుకు కొత్త సిమ్ తీసుకోవాలి. తర్వాత 2023 మే నెలలో దేశమంతటా మొదలైన కేంద్ర ప్రభుత్వ 'సంచార్ సాథీ'లో నమోదు చేయిస్తే ఆ ఫోను ఎవరి చేతిలోనూ పనిచెయ్యదు. వేరే సిమ్ వేసి వాడబోతే ఆచూకీ పోలీసులకు తెలుస్తుంది.

బస్సులో, తిరునాళ్లలో

బస్సులో సంచి మరిచిపోతే టిక్కెట్టే ఆధారం. ఏ డిపో బండి, ఎన్ని గంటల సర్వీసు అన్నది టిక్కెట్టు చూపించి బస్టాండులో చెబితే కండక్టరును కనుక్కుంటారు. రైల్లో అయితే 139కి ఫోను చెయ్యాలి. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లకు పోయేటప్పుడు నగలు ఇంట్లోనే ఉంచడం మేలు. పోతే అక్కడి పోలీసు శిబిరంలో అప్పటికప్పుడే చెప్పాలి, ఇంటికొచ్చాక కాదు.

దొరికినవాడి బాధ్యత

దారిన దొరికిన వస్తువును యజమాని వచ్చేదాకా తన సొంత వస్తువులా కాపాడాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం చెబుతోంది. ఎవరిదో తెలిసీ వాడుకుంటే ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు. దున్నేటప్పుడు పాత నాణేలో, బంగారమో బయటపడితే 1878 చట్టం ప్రకారం కలెక్టరుకు రాతలో తెలపాలి. తెలిపినవాడికి వాటా హక్కు ఉంది, దాచినవాడికి వాటా పోవడమే కాక శిక్ష పడుతుంది. బౌద్ధ స్తూపం బయటపడిన జగ్గయ్యపేట ధనంబోడు లాంటి దిబ్బలున్న ప్రాంతం మనది, ఈ సంగతి గుర్తుండాలి.

'పదివేలిస్తే తెచ్చిపెడతా' అంటే...

గొడ్డు ఎక్కడుందో తెలుసు, డబ్బిస్తే తోలుకొస్తా అనేవాళ్లు బయల్దేరతారు. దొంగను పట్టించకుండా, పోయిన సొత్తు ఇప్పిస్తానని డబ్బు తీసుకోవడమే నేరం, రెండేళ్ల దాకా శిక్ష ఉంది. అలాగే బిల్లు లేని పాత మోటారు చవగ్గా వస్తోందని కొనొద్దు. దొంగసొత్తని తెలిసి కొన్నవాడికి మూడేళ్ల దాకా శిక్ష. ఎవరి దగ్గర కొన్నా సంతకంతో కాగితం రాయించుకోండి. కొనేవాడు లేకపోతే మోటారు ఎత్తుకుపోయేవాడూ ఉండడు.

ఈ వారమే చెయ్యాల్సినవి

ఒక నోటు పుస్తకం కొని మోటారు నంబరు, గొడ్ల చెవిపోగు నంబర్లు, ఫోను ఐ.ఎం.ఈ.ఐ., దస్తావేజు నంబరు, పాసుపుస్తకం నంబరు, బ్యాంకు ఫోను నంబరు రాయండి. పాసుపుస్తకం, దస్తావేజు జిరాక్సులు దాంట్లోనే పెట్టండి. ఆ పుస్తకం ఎక్కడుందో ఇంట్లో ఆడవాళ్లకు కూడా చెప్పండి. మోటారు మీద పేరు కొట్టించే పని పక్క పొలాల రైతులు కలిసి ఒకే రోజు పెట్టుకుంటే పంచి పట్టుకున్న మనిషి ఒక్క పూటలో పది మోటార్లు పూర్తి చేస్తాడు.