సెంగెనిద్: ఒక బొగ్గుగని గ్రామ చరిత్ర

వేల్సు దేశపు దక్షిణభాగమున, కేర్‌ఫిల్లీ పట్టణమునకు చేరువ, ఏబర్ లోయలో సెంగెనిద్ అను గ్రామము కలదు. నేడచట గని లేదు. గనికొరకు పెరిగిన ఊరు, గని పోయిన పిదపను నిలిచియున్నది. శాసనము వ్రాయబడుట వేరు, గనిలోపల అది అమలగుట వేరు అను సత్యమునకు ఈ గ్రామచరిత్ర సాక్ష్యము.

పూర్వమా లోయ పొలములకును, గొఱ్ఱెల మేపునకును నెలవు. 1891లో యూనివర్సల్ గని బావులను త్రవ్వ నారంభించిరి. 1894లో రైలుమార్గము వచ్చెను. 1896లో బొగ్గు వెలువడెను. పని వెదకుకొనుచు వచ్చిన కుటుంబములకై కొండవాలున వరుస యిండ్లు లేచెను.

అచటి బొగ్గు పొగ తక్కువ, వేడిమి ఎక్కువ గలది. కనుక ఆవిరి ఓడలకు మిక్కిలి ప్రియమైనది. కాని ఆ పొరలనుండి మీథేన్ వాయువు వెలువడును. అది గాలితో తగుపాళ్ళలో కలిసినచో ఒక్క నిప్పురవ్వ చాలును. తొలి ప్రేలుడు నేలపైనున్న బొగ్గుధూళిని లేపును. ఆ ధూళియే మండుచు మంటను దూరదూరములకు గొనిపోవును. మంటను తప్పించుకొన్నవారిని వెనుక మిగులు విషవాయువు బలిగొనును. 1901 మే 24న ఇట్టి ప్రేలుడు ఈ గనిలో 81 మందిని చంపెను.

ఆ పాఠము చాలకపోయెను. అవసరమైనపుడు గనిలోని గాలి నడకను వెనుకకు త్రిప్పగల ఏర్పాటుండవలెనని 1911 నాటి గనుల శాసనము విధించినది. గడువు 1913 సెప్టెంబరు చివరివరకు పొడిగింపబడినను యూనివర్సల్ గనిలో ఆ పని పూర్తికాలేదు. గడువు ముగిసిన రెండు వారములకే, అక్టోబరు 14 ఉదయమున, గని మరల ప్రేలినది. 439 మంది కార్మికులును, రక్షింపబోయిన ఒకరును మరణించిరి. మృతులలో 14 ఏండ్ల బాలురును కలరు. పండ్రెండిండ్లలో తండ్రియు కొడుకును కలిసి పోయిరి. 200కు పైగా స్త్రీలు వితంతువులైరి. 542 మంది పిల్లలు తండ్రిని కోల్పోయిరి. బ్రిటను గనుల చరిత్రలో ఇంతటి ప్రాణనష్టము మఱొకటి లేదు.

పిమ్మట న్యాయస్థానము మేనేజరునకు 24 పౌనుల జుల్మానా విధించినది. గాలిని త్రిప్పు ఏర్పాటు లేనందుకు కంపెనీ చెల్లించిన జుల్మానా, అప్పీలు పిదప, 10 పౌనులు మాత్రమే.

గని 1928లో మూతపడెను. 1964లో ప్రయాణికుల రైలును నిలిచిపోయెను. దుర్ఘటనకు నూరేండ్లు నిండిన 2013 అక్టోబరు 14న, పూర్వపు గనిస్థలమున, వేల్సు గనులలో మరణించిన వారందఱికిని జాతీయ స్మారకచిహ్నము ఆవిష్కృతమైనది. కార్మికుని ప్రాణమునకు శాసనమొక్కటే రక్ష కాదు. దానిని గడువులోపల అమలుజరిపించు పర్యవేక్షణయు, ఉల్లంఘించినవారికి తగిన శిక్షయు ఉన్ననాడే అది రక్షయగును. సెంగెనిద్ లోకమునకు నేర్పిన పాఠమిదియే.