పుకారును ఆపుదాం, ప్రశ్నను కాదు



స్కూల్లో టీకా వేస్తారని తెలియగానే క్లాస్ గ్రూపుల్లో ఫార్వర్డ్‌లు మొదలవుతాయి. "ఆ రోజు పిల్లల్ని పంపకండి" అని ఒకరు, "ఇది నిజమేనా?" అని మరొకరు. ఇద్దరిదీ పిల్లల మీద బెంగే. అయితే ఇలాంటి సందేశాలను ఎవరు గమనించాలి, ఎంతవరకు ఆపాలి?

2017 ఫిబ్రవరిలో తట్టు, రుబెల్లా టీకా కార్యక్రమం దేశంలో మొదలైనప్పుడు, వాట్సాప్ పుకార్ల వల్ల తమిళనాడులో చాలామంది తల్లిదండ్రులు వెనకాడారు. గడువు పొడిగించాల్సి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో మన రెండు రాష్ట్రాల్లోనూ 9 నెలల నుంచి 15 ఏళ్లలోపు పిల్లలకు ఈ టీకా వేశారు. తట్టు చాలా వేగంగా అంటుకుంటుంది. దాన్ని అడ్డుకోవాలంటే సుమారు 95 శాతం మందికి టీకా పడాలి. అంటే ఒక పుకారు వల్ల నష్టపోయేది దాన్ని నమ్మిన ఇల్లు మాత్రమే కాదు, టీకా వయసు రాని పక్కింటి పసిబిడ్డ కూడా.

అందుకే ఆరోగ్య సంస్థలు జనం భయాలను గమనిస్తుంటాయి. దీన్ని సోషల్ లిజనింగ్ అంటారు. ఇది అవసరమే, కానీ దానికి మూడు హద్దులు ఉండాలి.

మొదటిది, గోప్యత. అందరికీ కనిపించే పోస్టులు చూడడం వేరు, మన సొంత గ్రూపుల్లోకి తొంగిచూడడం వేరు. ఏ భయం వ్యాపిస్తోందో తెలిస్తే చాలు, ఎవరు అన్నారో అక్కర్లేదు.

రెండోది, నోరు నొక్కకపోవడం. 2020 జనవరిలో వుహాన్‌లో కొత్త జబ్బు గురించి తోటి డాక్టర్లను హెచ్చరించిన లీ వెన్‌లియాంగ్‌ను పోలీసులు మందలించారు. ఆయన భయం నిజమైంది. 2021 ఏప్రిల్ 30న మన సుప్రీంకోర్టు కూడా, సోషల్ మీడియాలో ఆక్సిజన్, బెడ్ల కోసం మొరపెట్టుకునేవారిని పుకార్ల పేరుతో అణచివేస్తే కోర్టు ధిక్కారంగా పరిగణిస్తామని హెచ్చరించింది.

మూడోది, పూర్తి నిజం చెప్పడం. 2019 జనవరిలో ఢిల్లీ హైకోర్టు, తల్లిదండ్రుల సమ్మతి లేకుండా స్కూళ్లలో ఈ టీకా వేయకూడదని, దుష్ప్రభావాల సమాచారం కూడా ఇవ్వాలని చెప్పింది. టీకా తర్వాత కొందరికి కాస్త జ్వరం, ఒంటిమీద దద్దుర్లు రావచ్చు. తీవ్రమైన అలర్జీ చాలా అరుదు, అందుకే అరగంట కూర్చోబెట్టి చూస్తారు. "ఏమీ కాదు" అని కొట్టిపారేస్తే, సాయంత్రం బిడ్డకు ఒళ్లు వెచ్చబడగానే తల్లికి పుకారే నిజమనిపిస్తుంది.

కాబట్టి ఏదైనా ఫార్వర్డ్ చేసే ముందు ఇది ఎవరు చెప్పారు, ఎప్పటిది, ఏ ఊరిది అని చూడండి. తెలియకపోతే పంపకండి. సందేహం ఉంటే పీటీఎంలోగానీ, దగ్గరి పీహెచ్‌సీలోగానీ అడగండి. సమ్మతి పత్రం చదివాకే సంతకం పెట్టండి. గ్రూప్ అడ్మిన్లకు ఒక మనవి: తప్పుడు సందేశాన్ని తీసేయాల్సి వస్తే ఎందుకు తీశారో, సరైన విషయం ఏమిటో అక్కడే రాయండి. పంపిన తల్లినో తండ్రినో మాత్రం గ్రూప్ నుంచి తీసేయకండి. రేపు సరైన సమాచారం చేరాల్సింది వాళ్లకే.