కిడ్నీ మార్చాక షుగర్ వచ్చిందా? గోళీలు మాత్రం ఆపొద్దు

ఉప్పల్, నాచారం నుంచి కిడ్నీ మార్పిడి కోసం పంజాగుట్ట నిమ్స్‌కో, ఉస్మానియాకో వెళ్లే కుటుంబాలు ఒక విషయం ముందే తెలుసుకోవాలి. ఆపరేషన్‌కు ముందు షుగర్ లేనివాళ్లకు కూడా తర్వాత రావొచ్చు. లివర్, గుండె మార్పిడి అయినవాళ్లకూ ఇదే సమస్య ఉంది.

ఎందుకు వస్తుంది?

వేరేవాళ్ల కిడ్నీని మన ఒళ్లు పరాయిదిగా చూసి దాడి చేస్తుంది. ఆ దాడిని ఆపేందుకు టాక్రోలిమస్, ప్రెడ్నిసోలోన్ లాంటి మందులు ఇస్తారు. టాక్రోలిమస్ వల్ల ఇన్సులిన్ తయారీ తగ్గుతుంది. ప్రెడ్నిసోలోన్ స్టెరాయిడ్ కాబట్టి, ఉన్న ఇన్సులిన్‌ను కూడా సరిగా పనిచేయనివ్వదు. వయసు పైబడినవాళ్లు, బరువు ఎక్కువున్నవాళ్లు, ఇంట్లో అమ్మీకో అబ్బాకో షుగర్ ఉన్నవాళ్లు, హెపటైటిస్ సి ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

ఏ పరీక్ష చేయించాలి?

పొద్దున స్టెరాయిడ్ వేసుకుంటే మధ్యాహ్నం, సాయంత్రం షుగర్ పెరుగుతుంది. పరగడుపు పరీక్షలో మాత్రం నార్మల్‌గానే కనిపించొచ్చు. అందుకే తిన్నాక చేసే పరీక్ష కూడా అడగండి. పరగడుపున 126, గ్లూకోజ్ తాగిన 2 గంటలకు 200, లేదా అంతకు మించితే షుగర్ కింద లెక్క. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీని మొదటి నెలల్లో పూర్తిగా నమ్మలేం. రక్తహీనత ఉన్నా, రక్తం ఎక్కించినా ఆ లెక్క తప్పుతుంది. ఆపరేషన్ అయిన మొదటి వారాల్లో చాలామందికి షుగర్ పెరుగుతుంది. కొందరికి తర్వాత తగ్గిపోతుంది కూడా.

అసలు ప్రమాదం

'షుగర్ తెచ్చేది ఈ గోళీలే కదా' అని సొంతంగా మానేస్తే కొత్త కిడ్నీనే పోవచ్చు. డోసు తగ్గించాలా, మందు మార్చాలా, ఇన్సులిన్ ఇవ్వాలా అన్నది డాక్టరే చెప్పాలి. షుగర్‌ను పట్టించుకోకపోయినా నష్టమే. ఇన్ఫెక్షన్లు, గుండె జబ్బు వస్తాయి, కిడ్నీ కూడా దెబ్బతింటుంది. డాక్టర్‌కు చెప్పకుండా నాటు మందులు వాడొద్దు.

రంజాన్‌లో ఎలా?

టాక్రోలిమస్‌ను సాధారణంగా 12 గంటలకోసారి వేసుకోవాలి. రోజా అంతకన్నా ఎక్కువ సేపు ఉంటుంది. సెహ్రీకి, ఇఫ్తార్‌కి సర్దుకుందాంలే అని మీరే నిర్ణయం తీసుకోకండి, రంజాన్‌కు ముందే డాక్టర్‌ను అడగండి. రోగులకు దీన్‌లో మినహాయింపు ఉంది. షీర్ ఖుర్మా, చక్కెర చాయ్ తగ్గించి, డాక్టర్ చెప్పినంత నడక పెట్టుకోండి.