పిల్లల క్వాడ్ బైకు: సంరక్షణ, ట్యూనింగ్

పిల్లల క్వాడ్ బైకు నాలుగు లావుపాటి టైర్ల మీద నడిచే చిన్న మోటారు బండి. దీనికి రేసు ఇచ్చేది బొటనవేలితో. ఇంజిన్ 49 సీసీ నుంచి 125 సీసీ దాకా ఉంటుంది. 49 సీసీ బళ్లు చాలావరకు తాడు లాగి స్టార్ట్ చేసే టూ స్ట్రోక్ రకం. వాటికంటే పెద్దవాటిలో ఎక్కువగా కనిపించేది 110 సీసీ ఫోర్ స్ట్రోక్ బండి. చైనాలో తయారయ్యే ఈ 110 సీసీ ఇంజిన్‌కు మూలం 1958లో హోండా తెచ్చిన సూపర్ కబ్. దానిలో సిలిండర్ దాదాపు అడ్డంగా పడుకుని ఉంటుంది. మన ఊళ్లలో ఏళ్ల తరబడి తిరిగిన హీరో హోండా సీడీ 100, స్ప్లెండర్ ఇంజిన్లూ ఆ వంశంలోవే. అందుకే స్ప్లెండర్ విప్పి బిగించిన మెకానిక్కుకు ఈ ఇంజిన్ కొత్తగా అనిపించదు. కొత్తగా ఉండేది మిగతా బండి.

చిన్న క్వాడ్‌లో వెనుక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి. కారులో ఉండే డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో లోపలి చక్రం తక్కువ దూరం, బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి. ఇక్కడ రెండూ ఒకే వేగంతో తిరుగుతాయి కాబట్టి ఏదో ఒకటి నేల మీద జారక తప్పదు. మట్టిలో, ఇసుకలో అది సాఫీగా జారుతుంది. తారు రోడ్డు మీద టైరు పట్టేసి బండి ఒక పక్కకు లేస్తుంది. క్వాడ్‌ను రోడ్డు మీదికి తీసుకురావద్దనడానికి చట్టంతో పాటు ఈ యంత్ర కారణమూ ఉంది.

పెద్దల బండిలో ట్యూనింగ్ అంటే పికప్ పెంచడం, వేగం పెంచడం అనుకుంటారు. పిల్లల బండికి ఆ అర్థం పనికిరాదు. ముప్పై కిలోల పిల్లవాడు రేసు నొక్కితే బండి ఎంత కదలాలో అంతే కదలాలి. వదిలితే వెంటనే తగ్గాలి, బ్రేకు పట్టితే వంకర పోకుండా ఆగాలి. ఈ మూడూ కుదిరేలా చేసే పనే ఇక్కడ ట్యూనింగ్.

అందుకే మొదట చూడాల్సింది ఇంజిన్ కాదు, రేసు కేబుల్. ఇంజిన్ ఆపి ఉండగా బొటనవేలి లివర్‌ను పూర్తిగా నొక్కి వదిలితే అది టక్కున వెనక్కి రావాలి. హ్యాండిల్‌ను ఎడమకు చివరిదాకా తిప్పి ఒకసారి, కుడికి తిప్పి ఒకసారి ఇదే పరీక్ష చేయాలి. నెమ్మదిగా వచ్చినా, మధ్యలో ఆగినా కేబుల్‌లో మట్టి చేరిందనో, తీగ పోగులు తెగాయనో, కార్బొరేటర్ మూత తిరగబడి బిగిసిందనో గుర్తు. అది సరిచేసేదాకా బండి స్టార్ట్ చేయకూడదు. తర్వాత ఆపే స్విచ్చు. పిల్లవాడి చేతికి తగిలించే తాడుతో పనిచేసే స్విచ్చు ఉంటే, తాడు లాగినప్పుడు ఇంజిన్ నిజంగా ఆగుతోందో లేదో ప్రతిసారీ చూడాలి.

రేసు లివర్ డబ్బా మీద లాక్ నట్టుతో ఒక చిన్న స్క్రూ ఉంటుంది. వేగాన్ని అదుపు చేసేది అదే. లోపలికి తిప్పిన కొద్దీ లివర్ తక్కువ దూరం కదులుతుంది. ఈ స్క్రూ వెనుక కొంత చరిత్ర ఉంది. మూడు చక్రాల బళ్లు ఎక్కువగా బోల్తా పడుతుండటంతో అమెరికాలో 1988లో కంపెనీలు ప్రభుత్వంతో ఒప్పందానికి వచ్చి కొత్తవాటి అమ్మకం ఆపేశాయి. అక్కడి ప్రమాణాలు పిల్లల క్వాడ్‌లను వయసును బట్టి విభజించాయి. ఆరేళ్లు దాటినవారి బండి గంటకు 24 కిలోమీటర్లు మించకూడదు, లిమిటర్ బిగించి ఇచ్చేటప్పుడు 16 దాటకూడదు. పదేళ్లు దాటినవారి బండికి పరిమితి 48, లిమిటర్‌తో 24. మన దగ్గర అమ్మే బండి మీద ఇలాంటి చీటీ లేకపోయినా తల్లిదండ్రులు ఈ అంకెలను కొలబద్దగా పెట్టుకోవచ్చు. స్క్రూను మొదట బాగా లోపలికి పెట్టి, పిల్లవాడు నిలిపి తిప్పగలుగుతున్నాడని తేలాక కొద్దికొద్దిగా వెనక్కి తీయాలి. పల్లంలో బండి ఈ లెక్కకు మించి పరుగెత్తగలదని మాత్రం మరచిపోకూడదు.

టైర్ల గాలి దగ్గర చాలామంది పొరపడతారు. మోటార్ సైకిల్ టైరుకు 25 నుంచి 35 పీఎస్ఐ గాలి కొట్టించడం అలవాటు. పిల్లల క్వాడ్ టైరుకు కావాల్సింది సాధారణంగా 2 నుంచి 5 పీఎస్ఐ మాత్రమే. ఎంతన్నది టైరు పక్కన, మాన్యువల్‌లో రాసి ఉంటుంది. పెట్రోలు బంకు గేజీకి ఇంత తక్కువ గాలి సరిగా తెలియదు. తక్కువ పీఎస్ఐ కొలిచే గేజీ, సైకిల్ పంపు కొని ఇంట్లో పెట్టుకోవడమే మంచిది. గాలి ఎక్కువైతే బండి రాయి తగిలినప్పుడల్లా ఎగురుతుంది. అంతకంటే ముఖ్యం, రెండు వెనుక టైర్లలో గాలి సమానంగా ఉండటం. గాలి తగ్గిన టైరు చుట్టుకొలత తగ్గుతుంది. ఇరుసు ఒకటే కాబట్టి బండి ఆ టైరు వైపు లాగుతుంది. హ్యాండిల్ వంకరపోతోందని మెకానిక్కు దగ్గరికి తెచ్చే బళ్లలో ముందు చూడాల్సింది ఇదే.

గాలి సరిచేసినా లాగుతుంటే ముందు చక్రాల వరుస చూడాలి. హ్యాండిల్‌ను నిటారుగా కట్టేసి, రెండు ముందు టైర్ల మధ్య గీతల దూరాన్ని ఇరుసు ఎత్తులో ముందు వైపు ఒకసారి, వెనుక వైపు ఒకసారి టేపుతో కొలవాలి. ముందు కొలత వెనుకదానితో సమానంగా గానీ, కొన్ని మిల్లీమీటర్లు తక్కువగా గానీ ఉండాలి. ఎక్కువగా ఉంటే బండి నిలకడగా పోదు. రెండు టై రాడ్ల లాక్ నట్లు వదులు చేసి, రెండింటినీ సమానంగా తిప్పితే కొలత మారుతుంది. ఒకదాన్నే తిప్పితే వరుస కుదిరినా హ్యాండిల్ పక్కకు తిరిగి ఉంటుంది. పనిలో పనిగా ముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడాలి. టకటకమంటే బేరింగో, బాల్ జాయింటో అరిగిందన్నమాట. ఇరుసు నట్లకు కాటర్ పిన్నులు ఉన్నాయా, చక్రాల నట్లు బిగువుగా ఉన్నాయా అన్నది కొత్త బండిలో మరీ ముఖ్యం. పెట్టెలో సగం విప్పి వచ్చే బళ్లను ఇంట్లోనే బిగించుకుంటారు కాబట్టి మొదటి గంట నడిచాక ప్రతి నట్టునూ మళ్లీ పట్టి చూడాలి.

110 సీసీ బళ్లలో ముందు కేబుల్‌తో పనిచేసే డ్రమ్ బ్రేకులు, వెనుక హైడ్రాలిక్ డిస్క్ బ్రేకు ఉండటం మామూలు. ముందు కేబుళ్లు రెండూ సమానంగా బిగించి ఉండాలి. ఒకటి ముందుగా పట్టుకుంటే బండి అటు తిరిగిపోతుంది. ముందు చక్రాలను నేల నుంచి లేపి, లివర్ నెమ్మదిగా పడుతూ రెండు చక్రాలనూ చేత్తో తిప్పి చూస్తే తేడా తెలుస్తుంది. లివర్ చివర ఒక సెంటీమీటరుకు కాస్త అటూ ఇటూ వదులు ఉంచాలి. అసలు లివర్ పిల్లవాడి వేళ్లకు అందుతోందా అన్నది పెద్దవాళ్లు తమ చేత్తో పట్టి చూస్తే తెలియదు. వాడినే కూర్చోబెట్టి చూడాలి. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రెండేళ్లకోసారి మార్చాలి. సీసా మీద డాట్ 3 అనో, డాట్ 4 అనో ఉంటుంది. రిజర్వాయర్ మూత మీద ఏది రాసి ఉంటే అదే పోయాలి.

చెయిన్‌ను బండి మీద బరువు పెట్టి చూడాలి. ఎవరూ కూర్చోనప్పుడు సరిగ్గా ఉన్న చెయిన్, బరువుకు బండి కిందికి దిగి స్వింగ్ ఆర్మ్ స్ప్రాకెట్లతో ఒకే గీతలోకి వచ్చినప్పుడు బిగిసిపోతుంది. మధ్యలో పైకీ కిందికీ సుమారు 2 సెంటీమీటర్ల ఆట చాలా బళ్లకు సరిపోతుంది. బిగువు ఎక్కువైతే గేర్‌బాక్సు బేరింగుల మీద భారం పడుతుంది. జాయింట్ లింకు క్లిప్పు మూసి ఉన్న అంచు చెయిన్ పరుగెత్తే దిక్కుకు ఉండాలి.

ఇక ఇంజిన్. ఈ బళ్లకు చాలావరకు కిలోమీటర్ల మీటరు ఉండదు. నడిచిన గంటలు ఒక నోటుబుక్కులో రాసుకోవడమే దారి. కొత్త ఇంజిన్‌లో అరుగుదల పొడి ఎక్కువగా వస్తుంది కాబట్టి మొదటి ఆయిల్ మార్పు త్వరగా, తొలి పది ఇరవై గంటల్లోనే చేయాలి. పట్టేది ఎనిమిది తొమ్మిది వందల మిల్లీలీటర్లే. ఇంత కొద్ది ఆయిల్ త్వరగా వేడెక్కి చెడుతుంది. అందులో పొదుపు చేయడం అర్థం లేని పని. ఈ ఇంజిన్‌లో క్లచ్ కూడా అదే ఆయిల్‌లో మునిగి ఉంటుంది. కారు ఆయిల్‌లో రాపిడి తగ్గించే పదార్థాలు కలిపి ఉండవచ్చు. అది పోస్తే క్లచ్ జారుతుంది. డబ్బా మీద జాసో ఎంఏ అని ఉన్న మోటార్ సైకిల్ ఆయిలే పోయాలి. డిప్‌స్టిక్కును మర తిప్పకుండా, ఊరికే ఆనించి కొలవడం ఈ హోండా రకం ఇంజిన్ల పద్ధతి. డ్రెయిన్ బోల్టు దిగేది అల్యూమినియంలోకి. బలం చూపిస్తే మర పోతుంది.

ఇంజిన్‌ను అన్నిటికంటే త్వరగా పాడుచేసేది దుమ్ము. ఎండాకాలం పొడి నేల మీద, ఒక బండి వెనుక మరొకటి నడిస్తే ఎయిర్ ఫిల్టర్ ఒక్క పూటలో నిండిపోతుంది. స్పాంజి ఫిల్టర్‌ను సబ్బునీళ్లలో పిసికి కడగాలి. మెలితిప్పి పిండితే చిరుగుతుంది. పెట్రోలుతో కడిగితే అతుకు జిగురు కరుగుతుంది, పైగా నిప్పు ప్రమాదం. నీడలో పూర్తిగా ఆరాక ఫిల్టర్ ఆయిల్ పట్టించి, మిగులు పిండేసి బిగించాలి. ఆయిల్ లేని స్పాంజిలోంచి సన్నని దుమ్ము నేరుగా పిస్టన్ రింగుల దాకా పోతుంది.

ట్యాపెట్ల సెట్టింగ్ ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే చేయాలి. మాగ్నెట్ మీది టీ గుర్తును కేసు మీది గీతకు కలిపి, రాకర్లు రెండూ వదులుగా ఉన్నాయని చూసుకోవాలి. లేకపోతే ఇంకో చుట్టు తిప్పాలి. ఈ తరహా చిన్న ఇంజిన్లలో సందు సాధారణంగా 0.05 మిల్లీమీటర్లు. ఫీలర్ గేజీ కాస్త పట్టుతో జారాలి. వదులైన ట్యాపెట్టు చప్పుడు చేసి తన సంగతి చెబుతుంది. బిగిసిన ట్యాపెట్టు చప్పుడు చేయదు. వేడి మీద స్టార్ట్ కాకపోవడం, పికప్ పడిపోవడం దాని గుర్తులు. పట్టించుకోకపోతే వాల్వు కాలిపోతుంది. ప్రమాదం ఇందులోనే ఎక్కువ.

ప్లగ్గు సందు 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు. బండి కాసేపు నడిచాక విప్పిన ప్లగ్గు లేత గోధుమ రంగులో ఉంటే మిశ్రమం సరిగ్గా ఉన్నట్టు. పొడి మసి పడితే పెట్రోలు ఎక్కువ, తెల్లబారితే తక్కువ. తడిగా, ఆయిల్ జిడ్డుతో నల్లగా ఉంటే ఇంజిన్ ఆయిల్ మండుతోంది. అప్పుడు కార్బొరేటర్ తిప్పి లాభం లేదు.

ఫిల్టర్, ట్యాపెట్లు, ప్లగ్గు సరిచేశాకే కార్బొరేటర్ ముట్టుకోవాలి. మురికి ఫిల్టర్‌తో కుదిర్చిన సెట్టింగ్ ఫిల్టర్ కడగ్గానే తప్పిపోతుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక మిక్చర్ స్క్రూను మెల్లగా ఆనేదాకా లోపలికి తిప్పి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తీయాలి. అక్కడి నుంచి అటూ ఇటూ పావు చుట్టు తిప్పుతూ ఇంజిన్ ఎక్కడ సాఫీగా, వేగంగా తిరుగుతుందో చూసి ఆపాలి. స్క్రూ ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలిది, బయటికి తీస్తే మిశ్రమం పలచబడుతుంది. ఇంజిన్ వైపు ఉంటే పెట్రోలుది, బయటికి తీస్తే చిక్కబడుతుంది. సగం రేసులో మిస్సింగ్ ఉంటే చూడాల్సింది స్క్రూ కాదు, నీడిల్ క్లిప్పు. దాన్ని ఒక గాడి కిందికి దించితే నీడిల్ పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. పూర్తి రేసులో లోపమైతే అది మెయిన్ జెట్టు పని.

చివరగా ఐడిలింగ్. ఈ బళ్లలో క్లచ్ తనంతట తానే, ఇంజిన్ వేగం పెరగ్గానే పట్టుకుంటుంది. ఐడిలింగ్ ఎక్కువ పెడితే రేసు ముట్టుకోకుండానే బండి ముందుకు పాకుతుంది. స్టార్ట్ చేయగానే ఆగిపోతోందని ఐడిలింగ్ పెంచేయడం తరచూ జరిగే పని, చిన్నపిల్లల బండిలో చేయకూడని పని. చదును నేల మీద పెద్దవాళ్లే కూర్చుని గేరు వేసి, బ్రేకు వదిలినా బండి కదలకుండా ఉంటేనే సెట్టింగ్ సరైనది.

యమహా రాప్టర్ 90 వంటివాటిలో గేర్లకు బదులు స్కూటర్‌లో ఉండే బెల్టు ఉంటుంది. అక్కడ బెల్టు వెడల్పు, రోలర్ల అరుగుదల చూడాలి. 49 సీసీ టూ స్ట్రోక్ బండికి ఇంజిన్ ఆయిల్ విడిగా ఉండదు, పెట్రోలులోనే టూటీ ఆయిల్ కలపాలి. 25కు 1 అని రాసి ఉంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు, 50కి 1 అని ఉంటే 20. ఆయిల్ కలపని పెట్రోలుతో నడిపితే కొద్దిసేపట్లోనే పిస్టన్ పట్టేస్తుంది.

కడిగేటప్పుడు నీళ్ల జెట్‌ను బేరింగుల మీదికి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా మీదికి కొట్టకూడదు. సముద్రపు ఇసుకలో నడిచిన బండిని అదే రోజు మంచినీళ్లతో కడిగి, చెయిన్‌కు ఆయిల్ రాయాలి. బడి రోజుల్లో బండి నెలల తరబడి మూల పడి ఉంటుంది. మన బంకుల్లో ఇప్పుడు దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది తేమను పీలుస్తుంది. ఫ్లోట్ చాంబర్‌లో నిలవ ఉంటే జెట్టు రంధ్రాలు మూసుకుపోతాయి. అందుకే పెట్రోలు కట్టేసి, చాంబర్ కింది స్క్రూ విప్పి ఖాళీ చేయాలి. బ్యాటరీ తీగ విప్పి నెలకోసారి చార్జ్ చేయాలి. తిరిగి బయటికి తీసేటప్పుడు ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచి ఎలుకలు గూడు పెట్టాయేమో, వైర్లు కొరికాయేమో చూసి, కొత్త పెట్రోలు పోసి స్టార్ట్ చేయాలి.